శత్రువునకు ముఖము

పెద్దలు బొమ్మలకుఁ గ్రొత్త రూపము లిచ్చుచుండఁగాఁ గొందఱు నవ్వుదురు. మేము నవ్వఁజాలము. 1964లో అమెరికాలో హాస్బ్రో సంస్థవారు జి. ఐ. జో యను సైనికుని బొమ్మను బాలురకై విక్రయింప నారంభించిరి. వియత్నాము యుద్ధముపై జనులకు విముఖత కలుగఁగా, 1970లో వారే యాతనిని సాహసయాత్రికునిగా మార్చిరి. 1982లో నఱచేత నిముడు చిన్నబొమ్మలు వెలువడెను. వీరపక్షమువారిలోఁ బెక్కుమందికి పేరును, జన్మస్థలమును అట్టవెనుక ముద్రించిరి. కోబ్రా యను శత్రుపక్షపు సామాన్యభటునకు మాత్రము పేరు లేదు. ముఖమునకు ముసుఁగు కలదు.

ఈ బొమ్మల వీపున నొక మరమేకుండును. అభిమానులు దానిని విప్పి, అవయవములు మార్చి, రంగులు పూసి క్రొత్తవారిని సృజించుచున్నారు. వీరుని చేయి శత్రువునకును, శత్రువు కాలు వీరునకును చాలవఱకు నతుకును. ఆ సంగతి వ్రేళ్లకుఁ దెలిసిన పిదప మనస్సునకుఁ దెలియక మానదు.

ఇది యుద్ధమును బొగడుట కాదా యని యడుగవచ్చును. తుపాకికి మెఱుఁగు పెట్టుటతో నాఁగినచో నిజమే. కాని పేరులేని భటునకొక పేరును, ఊరును, తల్లిని గల్పించినవాఁడు వానిని మునుపటివలె నిర్లక్ష్యముగాఁ గూల్పఁగలఁడా? ముసుఁగులోనివానిని ద్వేషించుట సులభము. ముసుఁగు తీయుటయే కష్టము. బొమ్మలయందైనను దాని నభ్యసించుట మేలని మా యభిప్రాయము.