వచ్చే ఆదివారం వస్తానని ఊరికే అనెయ్యకు

ఏరా అబ్బాయ్, నువ్వు కూడానమ్మా, ఆ ఫోను కాసేపు పక్కన పెట్టి ఇలా అరుగు మీద కూర్చోండి. ఏదో యువజన సేవాసంస్థలో పేరు ఇస్తున్నారట. వాళ్ళు మీకు ఒక్కొక్క పిల్లాణ్ణో పిల్లనో అప్పగిస్తే, వారానికో పూట వెళ్ళి చదువూ మంచీచెడ్డా చూస్తారట. మెంటారింగ్ అంటున్నారు దాన్ని. చాలా సంతోషం. పండక్కి రామచంద్రపురం వచ్చిన మీ ఈడు పిల్లలు మూడ్రోజులూ కోడిపందేల బరి దగ్గరే గడిపేసే కాలంలో మీకు ఈ బుద్ధి పుట్టిందంటే మీ అమ్మల కడుపు చల్లగుండాలి. మీ మనసు గురించి నాకు బెంగ లేదు. నా బెంగంతా మీ తొందర గురించే. అందుకే ఒక్కొక్కళ్ళనీ విడిగా అడుగుతున్నాను. పేరు రాయించే ముందు చెప్పు, ఏడాది ఉండగలవా?

ఏడాదా అని అలా చూడకు. సంక్రాంతికి మొదలుపెట్టి ఉగాదికి మానేసేవాళ్ళను చూసి చూసి అడుగుతున్నాను. మొదటి వారం బ్యాగు, రెండో వారం పెన్నుల పెట్టె, మూడో వారం అందరూ కలిసి ఫొటో. నాలుగో వారం ఆఫీసు పని. ఐదో వారం ఎవరిదో పెళ్ళి. ఆ తర్వాత ఫోను కూడా ఎత్తరు. వీళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు. ముందూ వెనకా చూసుకోకుండా మాట ఇచ్చేశారు, అంతే.

మన వైపు సంగతి నీకు తెలియంది కాదు. ఇంటిపనికని కువైట్‌కో మస్కట్‌కో వెళ్ళిన తల్లులు ఈ గోదావరి జిల్లాల్లో ఎంతమంది లేరు! వాళ్ళ పిల్లలు అమ్మమ్మ దగ్గరో మామ్మ దగ్గరో పెరుగుతారు. అమ్మ వీలు చిక్కినప్పుడు వాట్సాప్‌లో కనిపిస్తుంది. "పండక్కి వచ్చేస్తా తల్లీ" అంటుంది. పాపం, ఆవిడ రావాలనే అంటుంది, అక్కడివాళ్ళు పంపరు. అలా 'వస్తాను' అన్న మాట విని విని ఉన్న పిల్ల దగ్గరికి నువ్వెళ్ళి, చాలా తేలిగ్గా, "వచ్చే ఆదివారం వస్తాగా" అంటావు.

ఆ ఆదివారం ఆ పిల్ల ఏం చేస్తుందో తెలుసా? నాలుగింటికి వస్తానన్నావు కదా, మూడింటికే మొహం కడుక్కుంటుంది. లెక్కల పుస్తకానికి కొత్త అట్ట వేసుకుని గుమ్మంలో నిలబడుతుంది. ఏ బండి చప్పుడైనా రోడ్డు వైపు చూస్తుంది. ఐదున్నరకి మామ్మ "ఇంక రాడులేవే, లోపలికి రా" అంటే, "బండి పాడైందేమో మామ్మా" అని నీ తరఫున తనే సర్దిచెబుతుంది. రెండో వారం కూడా సర్దిచెబుతుంది. మూడో వారం మొహం కడుక్కోదు. ఆ తర్వాత నీలాంటి మంచివాడే ఇంకొకడు వచ్చి, నిజంగానే ఏడాది ఉంటానన్నా, ఆ పిల్ల నమ్మదు. చూశావా, నీ తర్వాత వచ్చేవాడి దారి కూడా నువ్వే మూసేశావు.

ఇది ముసలిదాని చాదస్తం అనుకునేవు. ఈ పనిలో బాగా ముదిరినవాళ్ళు అమెరికావాళ్ళు. 1904లో న్యూయార్కులో పిల్లల కోర్టులో గుమాస్తా ఒకాయన, ఎర్నెస్ట్ కౌల్టర్ అని, ఆ కోర్టుకొచ్చే పిల్లలకు తలా ఒక పెద్దమనిషి తోడుండాలని మొదలుపెట్టిన పని అది. బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ అన్న పేరుతో ఇప్పటికీ నడుస్తోంది. 1995లో దాని మీద 959 మంది పిల్లలతో పెద్ద పరిశీలన చేస్తే, అన్నయ్యో అక్కయ్యో తోడున్న పిల్లలు మత్తుమందుల జోలికి కొత్తగా వెళ్ళడం 46 శాతం తక్కువని తేలింది. అందరూ ఇక్కడిదాకానే చెప్పి ఆపేస్తారు. 2002లో గ్రాస్‌మన్, రోడ్స్ అని ఇద్దరు అవే లెక్కల్ని మళ్ళీ తిరగేశారు. ఏడాది, ఆపైన నిలబడ్డ జతల్లోనే ఎక్కువ మేలు కనిపించింది. మూడు నెలల్లోపే తెగిపోయిన జతల్లో, అసలు ఏ తోడూ దొరకని పిల్లలకంటే కూడా ఎక్కువగా, ఆ పిల్లలకు తమ మీద తమకున్న నమ్మకం పడిపోయింది. విన్నావా? వెళ్ళకపోతే ఉన్నచోటే ఉండేవాళ్ళు. వెళ్ళి వదిలేస్తే ఇంకా కిందికి పడ్డారు. ఆకుమడిలోంచి నారు తీసి, ఊడ్చకుండా గట్టు మీద వదిలేస్తే ఏమవుతుందో డెల్టాలో పుట్టినవాడివి నీకు వేరే చెప్పాలా?

మన దేశంలోనూ ఈ పని పద్ధతిగా చేసేవాళ్ళున్నారు. 2006లో కొచ్చిలో కాలేజీ కుర్రాళ్ళు మొదలుపెట్టిన మేక్ ఎ డిఫరెన్స్ అనే సంస్థ అనాథాశ్రమాల పిల్లలతో పనిచేస్తుంది, మన హైదరాబాదు, విజయవాడ, విశాఖలకీ వచ్చింది. 2005లో పిలానీ బిట్స్ విద్యార్థులు పెట్టిన నిర్మాణ్ కూడా మన తెలుగు ప్రాంతాల్లో బాగా పాకింది. ఎందులో చేరినా సరే, చేరేటప్పుడు నీ ఆధార్ అడిగి, పోలీసు వెరిఫికేషన్ అడిగి, ఎన్నాళ్ళుంటావని నిలదీస్తే కోపం తెచ్చుకోకు. ఏమీ అడక్కుండా రేపే వచ్చెయ్యమన్నారా, అక్కడ చేరకు. ఊరూపేరూ అడక్కుండా పిల్లల్ని చేతిలో పెట్టేవాళ్ళ దగ్గర పిల్లలకి రక్షణ ఉండదు.

నిలకడ మాటకొస్తే, దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పేరు వినే ఉంటావు. 1909లో మన రాజమండ్రిలోనే పుట్టారు. 1923 కాకినాడ కాంగ్రెస్ అప్పుడు ప్రదర్శన గుమ్మం దగ్గర వలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని నెహ్రూగారినే ఆపేశారని బళ్ళో పిల్లలందరికీ చెబుతారు. బాగుంది కథ. కానీ అది ఒక పూట ముచ్చట. ఇంకా పరికిణీ వయసులోనే చుట్టుపక్కల ఆడపిల్లల్నీ ఆడవాళ్ళనీ కూర్చోబెట్టుకుని హిందీ నేర్పారు చూడు, ఆవిడ గొప్పతనం నాకు అక్కడ కనిపిస్తుంది. మద్రాసులో 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టాక కూడా అదే పని, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళని దగ్గరుండి పరీక్షలకు తయారుచెయ్యడం. నెహ్రూగారిని ఆపడానికి ధైర్యం చాలు. ఏళ్ళ తరబడి రోజూ అదే పలకా అదే పాఠం పట్టుకుని కూర్చోవాలంటే ఓపిక కావాలి. నీకు ధైర్యం ఉంది, నాకు తెలుసు. ఓపిక ఉందో లేదో నువ్వే చూసుకోవాలి.

సరే, ఉంటానన్నావు. వెళ్ళి ఏం చేస్తావు? జీవితంలో గొప్ప లక్ష్యం పెట్టుకో అని ఉపన్యాసం ఇస్తావా? అవి ఆ పిల్ల బళ్ళో బోలెడు వింది. నువ్వు ముందు మామ్మగారి దగ్గర కూర్చో. ఆవిడిచ్చిన మంచినీళ్ళు తాగు. ఎవరబ్బాయివో, ఎక్కడ పనిచేస్తావో ఆవిడకి చెప్పు. ఆ తర్వాత పిల్ల ఎనిమిదో తరగతైతే ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష సంగతి అడుగు. సర్కారు బడి పిల్లలకి, ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకపోతే, ఆ పరీక్షలో నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ పూర్తయ్యేదాకా ఏడాదికి 12,000 రూపాయలిస్తారు. మనవాళ్ళకి పరీక్ష కంటే కాగితాలే కష్టం. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, బడి రిజిస్టర్లో ఇంకోలా ఉంటుంది. ఇన్‌కం సర్టిఫికెట్‌కి సచివాలయం చుట్టూ తిరగాలి. పిల్ల పేర బ్యాంకు ఖాతా ఉండాలి. తల్లి కువైట్‌లో ఉంటే చదువురాని మామ్మ ఇవన్నీ ఎక్కడ తిరుగుతుంది? తీరా స్కాలర్‌షిప్ వచ్చాక ఏటా ఆన్‌లైన్లో రెన్యువల్ చెయ్యాలి. చెయ్యకపోతే ఆ ఏడు డబ్బు రాదు. అందుకే మళ్ళీ అడుగుతున్నాను, ఏడాది ఉండగలవా?

కొన్ని చెయ్యకూడనివి ఉన్నాయి, చెప్పనీ. పిల్లల చేతికి డబ్బివ్వకు, సెల్‌ఫోను అసలే కొనివ్వకు. ఇవాళ నువ్విస్తే రేపు మామ్మ ఇవ్వలేకపోయిందని ఆవిడ లోకువైపోతుంది. పిల్ల మొహం నీ స్టేటస్‌లో పెట్టకు. నీకది ఒక్క రోజు లైకులు, ఆ పిల్లకి బళ్ళో నెలంతా "నువ్వు అనాథవా?" అన్న ప్రశ్న. తలుపు తీసి ఉన్నచోటే, పెద్దవాళ్ళ కంటి ఎదురుగానే కూర్చోండి. రాత్రిపూట మెసేజీలు వద్దు. తండ్రి తాగుతాడని తెలిసినా ఆయన్ని పిల్ల ముందు ఒక్క మాట అనకు. తిట్టినా కొట్టినా ఆ పిల్లకి ఆయన నాన్న. "ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టు, ఒకటి చెబుతా" అని పిల్ల అడిగితే ఒట్టు పెట్టకు. పెట్టావంటే, ఎవరైనా హింసిస్తున్నారనో ముట్టుకోకూడని చోట ముట్టుకుంటున్నారనో చెప్పినప్పుడు నీ చేతులు కట్టేసినట్టే. "నీకు సాయం చెయ్యగలిగినవాళ్ళకి మాత్రమే చెబుతా" అని ముందే అను. అలాంటిది వింటే సంస్థ పెద్దలకి చెప్పు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి. నీ అంతట నువ్వు వీధిలోకెళ్ళి పంచాయితీ పెట్టకు.

ఇంట్లో మీ అమ్మకి కూడా ముందే చెప్పు. ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా నేనుండను, ఆ టైముకి పెళ్ళిచూపులూ పేరంటాలూ పెట్టకు అని. ప్రతి వారం కుదరదు అనుకుంటే పదిహేను రోజులకోసారి అను. తక్కువ చెప్పు, చెప్పింది తప్పకు. రాలేని రోజున ముందుగా ఫోన్ చేసి, మామ్మతో కాదు, పిల్లతోనే చెప్పు. ముందు రాత్రి తెలిస్తే ఆ రాత్రే చెప్పు.

ఎప్పటికైనా వెళ్ళక తప్పదు, నాకూ తెలుసు. ఉద్యోగం హైదరాబాదులో వస్తుంది, పెళ్ళవుతుంది. వెళ్ళు, ఎవరూ ఆపరు. కాకపోతే నెల ముందే చెప్పు. నీ తర్వాత వచ్చేవాళ్ళని వెంటబెట్టుకుని రెండుసార్లైనా వెళ్ళి ముగ్గురూ కలిసి కూర్చోండి. స్కాలర్‌షిప్ నంబరూ ఆధార్ జిరాక్సూ ఉన్న ఫైలు వాళ్ళ చేతికిచ్చి, ఏ నెలలో రెన్యువల్ చెయ్యాలో అట్ట మీద రాసిపెట్టు. నీ ఫోన్ నంబరు మార్చకు. పదో తరగతి ఫలితాలొచ్చిన పూట ఆ పిల్ల అమ్మకి చేస్తుంది, ఆ వెంటనే నీకు చేస్తుంది. మీటింగులో ఉన్నా సరే బయటికొచ్చి ఎత్తు, మార్కులు సబ్జెక్టు సబ్జెక్టుకీ అడుగు, పాలిటెక్నికా ఇంటరా అని అడుగు, మామ్మకి కూడా ఒకసారి ఫోనివ్వమను.