పసుపు గణపతి, గ్లేసియర్ బే, ఒక బాణం గుర్తు

ఈసారి ప్రశ్న కాస్త వింతగా ఉంటుంది. లెక్కలో ఒక్క తప్పూ లేకుండా గీసిన బొమ్మ అబద్ధం చెప్పగలదా? చెబితే ఆ పాపం ఎవరి ఖాతాలో పడుతుంది?

నాకు ఈ ప్రశ్న బాగా అర్థమయ్యే చోటు అలాస్కాలోని గ్లేసియర్ బే. సముద్రం దాదాపు 100 కిలోమీటర్లు కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన చోటు అది. 1794లో వాంకూవర్ మనుషులు వెళ్లినప్పుడు అక్కడ కనబడింది చాలావరకు మంచుగోడే. 1879లో జాన్ మ్యూర్ వెళ్లేసరికి ఆ మంచు పదుల కిలోమీటర్లు వెనక్కి పోయింది.

అక్కడ రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక్కోరోజు ఆ తేడా 7 మీటర్లు, అంటే రెండంతస్తుల ఇల్లంత! పౌర్ణమి, అమావాస్యలకి అటూఇటూగా ఎక్కువ, అష్టమి వైపు తక్కువ. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య కోణమే కదా, ఆ సముద్రానిదీ అదే లెక్క. కాబట్టి ఆటుపోట్లని ఏళ్ల ముందే చెప్పేయొచ్చు.

నీళ్లు లోపల ఎలా తిరుగుతాయన్నదే కష్టం. మంచు కరిగిన మంచినీళ్లు తేలిక, పైపైన బయటికి పోతాయి. ఉప్పునీళ్లు బరువు, అడుగునుంచి లోపలికి వస్తాయి. పైగా లోపల కొన్నిచోట్ల 400 మీటర్లు దాటిన లోతుంటే, ముఖద్వారం దగ్గర నేల గట్టులా పైకి లేచి ఉంటుంది. పోటు ఆ ఇరుకులోంచి దూసుకొస్తూ పైనీళ్లనీ కిందనీళ్లనీ చిలికేస్తుంది. అడుగునున్న పోషకాలు పైకొస్తాయి, వాటితో నాచు, దాంతో చేపలు. వేసవిలో హంప్‌బ్యాక్ తిమింగలాలు అక్కడికి వచ్చేది ఈ తిండి కోసమే.

ఇప్పుడు దీన్ని స్క్రీన్ మీద గీయాలి. సులువైన దారి: పైనుంచి కిందదాకా వేగాల సగటు తీసి, ఒక్కో గడికి ఒక్కో బాణం. పైసగం సెకనుకి 20 సెంటీమీటర్లు బయటికి, కిందసగం అంతే వేగంతో లోపలికి పోతోందనుకోండి. సగటు సున్నా. బాణం చుక్కైపోతుంది. చూసినవాళ్లు నీళ్లు కదలట్లేదనుకుంటారు. కోడ్‌లో బగ్ లేదు, ప్రతి అంకె కరెక్టే.

"డేటా అలా ఉంది, నేనేం చేయను?" అంటే నేనొప్పుకోను. సగటు తీయమని డేటా అడగలేదు, తీసింది మనిషి.

అయితే ఏ బొమ్మైనా ఏదో ఒకటి వదిలేస్తుంది కదా? నిజమే, వదలడం తప్పు కాదు. పూజలో పసుపు ముద్దని గణపతి అంటాం. అందులో ఎవరూ మోసపోరు, ఎందుకంటే ఆవాహన అందరి ముందే చేస్తాం, పనయ్యాక ఉద్వాసనా అందరి ముందే చెబుతాం. అది పసుపని తెలిసే మొక్కుతాం. సిమ్యులేషన్లకి ఆవాహన ఘనంగా ఉంటుంది, రంగులూ మెరుపులూ. ఉద్వాసనే ఉండదు. ఆ కదిలే బొమ్మే గ్లేసియర్ బే అని మనసులో కూర్చుంటుంది.

మంచు ముందుకొచ్చి తరిమేయకముందు అక్కడ బతికినవాళ్లు హూనా ట్లింగిట్ జనం. వాళ్ల భాషలో ఆ చోటి పేరుకి అర్థం, హిమానీనదం ఉన్న చోట ఏర్పడిన బే అని. ఇప్పుడు కంటికి కనబడనిది కూడా పేరులోనే పెట్టేశారు.

నేనైతే పైపొరకొకటి, అడుగుపొరకొకటి రెండు మ్యాపులు పక్కపక్కన పెడతాను. కింద నిలువుకోత బొమ్మ ఒకటి, గట్టు కనబడేలా. లోతుని ఎన్నిరెట్లు సాగదీశానో దాని మీదే రాస్తాను. చూడ్డానికి అంత అందంగా ఉండదు, అర్థం కావడానికి ఇంకో నిమిషం పడుతుంది. లైకులు కూడా తగ్గుతాయేమో లెండి.