దర్వాజా ఇవతలి అప్పు

లాల్‌దర్వాజాలో మా పెద్దమ్మ చిట్టీ నడుపుతుంది. ఇరవై మంది, నెలకు ఐదు వేలు, లక్ష రూపాయల చిట్టీ. లెక్కలన్నీ ఒక పాత స్కూలు నోటుబుక్కులో ఉంటాయి. పేర్లు నీలం సిరాతో, అంకెలు ఎర్ర పెన్నుతో రాస్తుంది. ఎక్కడా రాయని నియమం ఒకటి ఉంది. కొత్తగా చేరినవాళ్లు మొదటి నాలుగు నెలలు కిస్తీ కట్టాలి గానీ పాట పాడకూడదు. అంతకుముందే కావాలంటే పాత సభ్యుల్లో ఎవరో ఒకరు జామీను ఉండాలి. "మనిషిని చూడాలె గద బిడ్డా" అంటుంది పెద్దమ్మ. నాలుగు నెలల్లో మనిషిలో ఏం కనబడుతుందో నేనెప్పుడూ అడగలేదు.

పోయిన ఆషాఢంలో, బోనాలకు పది రోజుల ముందు, ఆ నియమం నా ఎదుటే ఒకరికి అడ్డం వచ్చింది. వెనక గల్లీలో కిరాయికి దిగిన కుర్రాడు. బట్టలు కుట్టే పని. రెండు కిస్తీలు కట్టాడు. చెల్లెలి పెళ్లి కుదిరింది, ఈ నెల చిట్టీ నాకు కావాలన్నాడు. "జామీను ఎవరు?" అంది పెద్దమ్మ. గదిలో పది మందిమి ఉన్నాం. అందరం నోటుబుక్కు వైపు చూశాం, అందులో కొత్త సంగతేదో రాసి ఉన్నట్టు. పదేళ్లుగా సభ్యుణ్నయిన నేనూ అటే చూశాను. కుర్రాడు బయటికెళ్లి చెప్పులు తొడుక్కునేదాకా ఎవరం తల ఎత్తలేదు.

అతనికి డబ్బు ఇవ్వకపోవడానికి కారణాలు ఉన్నాయి. లక్షతో ఊరు దాటినవాళ్లను మా గల్లీ చూసింది. కానీ అతను కట్టిన పది వేలు మాత్రం మేం తీసుకున్నాం. ఆ రెండు నెలలు చిట్టీ ఎత్తినవాళ్ల చేతికి వెళ్లిన సొమ్ములో ఆ కుర్రాడి కిస్తీ కూడా ఉంది. కట్టేటప్పుడు అతను మాలో ఒకడు, అడిగేటప్పుడు ఇంకా చూడాల్సిన మనిషి. ఈ రెంటికీ మధ్య ఉన్న చోటుకు పేరేమిటి?

పెద్ద బ్యాంకులు ఆ చోటుకు పేరు పెట్టుకున్నాయి. బ్రిక్స్ దేశాలు 2014లో ఒప్పందం రాసుకుని షాంఘైలో తెరుచుకున్న న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకులో 'కాబోయే సభ్యులు' అని ఒక వరసే ఉంది. 2021లో బంగ్లాదేశ్, యూఏఈ, ఉరుగ్వే దేశాలను చేర్చుకోవడానికి బ్యాంకు ఒప్పుకుంది. ఒప్పుకున్నాక కూడా, తమ దేశంలో తంతు అంతా ముగించి చేరిక పత్రం దాఖలు చేసేదాకా ఆ దేశం కాబోయే సభ్యురాలే. మొదటి రెండూ తొందరగానే లోపలికి వెళ్లాయి. ఉరుగ్వే ఏళ్ల తరబడి గడప మీదే నిలబడింది.

యూరప్ వాళ్ల తీరు వేరు. సభ్యత్వం తర్వాత, సొమ్ము ముందు. యూరోపియన్ యూనియన్‌లో చేరాలనుకునే దేశాల కోసం 2007 నుంచి ఒక ఉమ్మడి సాయనిధి నడుస్తోంది. ఇరుగు పొరుగు దేశాలు సరిహద్దుకు అటూ ఇటూ కలిసి చేసే పనులకు కూడా అందులో డబ్బుంది. 2024లో పశ్చిమ బాల్కన్ దేశాలకు 600 కోట్ల యూరోల పథకం అమల్లోకి వచ్చింది. అందులో మూడో వంతు ఉచితం, మిగతాది చౌక వడ్డీ అప్పు. చెప్పిన సంస్కరణ చేసి చూపిస్తే తప్ప వాయిదా విడుదల కాదు. ఉత్తర మాసిడోనియా 2005 నుంచి అభ్యర్థి. పొరుగున ఉన్న గ్రీసు అభ్యంతరం తీర్చడానికి 2019లో ఏకంగా దేశం పేరు మార్చుకుంది. ఆ మరుసటి సంవత్సరమే ఇంకో పొరుగు దేశం బల్గేరియా అడ్డుపడింది. ఇంటిపేరు మార్చుకుని వచ్చిన కోడల్ని ఆడపడుచు గుమ్మంలో నిలబెట్టినట్టు అనిపించింది నాకు, ఆ వార్త చదివినప్పుడు.

టర్కీ కథ ఇంకా పొడుగు. 1987లో అర్జీ పెట్టింది, 1999లో అభ్యర్థి అయింది. ఇస్తాంబుల్‌లో సముద్రం అడుగు నుంచి ఆసియా ఒడ్డునూ యూరప్ ఒడ్డునూ కలిపే మర్మరాయ్ రైలు మార్గానికి జపానూ, యూరోపియన్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకూ అప్పులిచ్చాయి. తవ్వుతుంటే యెనికపి దగ్గర పాత బైజాంటైన్ రేవు బయటపడింది. మునిగిన ఓడలు బయటపడ్డాయి. పని ఏళ్లపాటు వెనకబడి, 2013 అక్టోబరు 29న మొదటి రైలు నడిచింది. రైలు యూరప్ చేరింది. దేశం ఇంకా చేరలేదు.

ఇక మా మోడ్‌కు వద్దాం. లాల్‌దర్వాజా మోడ్ నుంచి శాలిబండ వైపు నడిస్తే ఇప్పుడు ఇళ్ల పొట్టలు కనిపిస్తాయి. మెట్రో కోసం రోడ్డు వెడల్పు చేస్తూ భవనాలను నిలువునా కోశారు. ఒక ఇంటి పై అంతస్తులో వంటిల్లు సగం మిగిలింది. నీలం సున్నం వేసిన గోడ, పొయ్యి ఉన్నచోట మసి, గూట్లో ఎవరో తీసుకెళ్లడం మరిచిన ఉప్పు జాడీ. ఆ గోడ మీద ఎండ పడటం ఆ ఇల్లు కట్టాక అదే మొదటిసారి అయ్యుంటుంది. కింద దుకాణం మాత్రం ఆరడుగుల లోతుతో నడుస్తూనే ఉంది. బేరాలు రోడ్డు మీద, గల్లాపెట్టె లోపల.

హైదరాబాద్ మెట్రో 2017 నవంబరులో మొదలైంది. పాతబస్తీ వైపు వచ్చే మార్గం 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆగింది. అక్కడి నుంచి ఫలక్‌నుమా దాకా ఉండాల్సిన ఐదున్నర కిలోమీటర్లు మొదటి దశ పటంలో ఉన్నాయి, నేల మీద లేవు. 2024 మార్చి 8న ఆ మార్గానికి శంకుస్థాపన జరిగింది. తర్వాత దాన్ని చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లకు పొడిగించారు. ఆస్తి పోయినవాళ్లకు గజానికి 81 వేల రూపాయలు ఖరారు చేశారు. 2025 జనవరిలో మొదటి చెక్కులు ఇచ్చారు. రెండో దశ మొదటి భాగం అంచనా 24,269 కోట్లు. ఇందులో దాదాపు సగం, 48 శాతం, జపాన్ సంస్థ జైకా, ఆసియా అభివృద్ధి బ్యాంకు, షాంఘైలోని ఆ న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకు లాంటి చోట్ల నుంచి అప్పుగా తేవాలన్నది ప్రతిపాదన. రాజ్యాంగం 293వ అధికరణ ప్రకారం రాష్ట్రం దేశం లోపలే అప్పు చేయాలి. బయటి అప్పు కావాలంటే ఢిల్లీ నడుమ నిలబడాలి. పెద్దమ్మ అడిగిన ప్రశ్నే అక్కడా అడుగుతారు, జామీను ఎవరని.

పాతబస్తీ హైదరాబాద్‌కు కాబోయే సభ్యురాలా? ప్రశ్న వింతగా ఉంటుంది. ఊరు పుట్టిందే ఇక్కడ. 1591 నాటి చార్మినార్ ఉండగా హైటెక్ సిటీ దాన్ని పరీక్షించడమేమిటి? కానీ మొదటి రైలు ఎటు వెళ్లిందో, ఏ ఐదున్నర కిలోమీటర్లు మిగిలిపోయాయో చూడండి. పన్నులు కట్టే రోజున, ఓటు వేసే రోజున ఈ పేట లోపలిదే. ఇక్కడివాళ్లలో కూడా మార్గం వద్దన్నవాళ్లు ఉన్నారు, నిజమే. వద్దన్నవాళ్ల మాట అంత శ్రద్ధగా విన్న సందర్భాలు ఈ బస్తీ చరిత్రలో ఇంకెన్ని ఉన్నాయో లెక్క పెట్టాలని ఉంది.

అప్పుకు షరతు పెట్టడం కొత్త కాదు. శాలిబండ దాటితే హరిబౌలి. అక్కడ అక్కన్న మాదన్నల పేరుతో మహంకాళి గుడి ఉంది. బోనాల సోమవారం ఆ గుడి నుంచీ, మా సింహవాహిని గుడి నుంచీ ఘటాలు కలిసి నయాపూల్ దాకా సాగుతాయి. ఆ పేర్ల వెనక ఒక షరతు కథ ఉంది. 1636లో గోల్కొండ మొగలులకు ఏటా రెండు లక్షల హొన్నులు కప్పం కట్టడానికి ఒప్పుకుంది. ఒప్పందంలో డబ్బు ఒక్కటే లేదు. మసీదులో శుక్రవారం ఎవరి పేరు చదవాలో కూడా ఉంది. యాభై ఏళ్ల తర్వాత ఔరంగజేబు బాకీలతో పాటు ఇంకో షరతు పెట్టాడు, మంత్రులు మాదన్న, అక్కన్నలను తొలగించాలని. 1686లో ఆ అన్నదమ్ములిద్దరినీ గోల్కొండ వీధుల్లోనే చంపేశారు. షరతు తీరింది. మరుసటి సంవత్సరం గోల్కొండా పోయింది.

అసఫ్‌జాహీల కాలంలో పామర్ అండ్ కంపెనీ అని ఒక కొఠీ వెలిసింది, 1814లో. నిజాం ప్రభుత్వానికి ఏటా 24, 25 శాతం మిత్తి మీద అప్పులిచ్చింది. ఆ బాకీ తీర్చడానికి, ఉత్తర సర్కారుల మీద ఈస్టిండియా కంపెనీ నుంచి నిజాంకు ఏటా రావాల్సిన ఏడు లక్షల పేష్కష్‌ను 1823లో శాశ్వతంగా వదులుకున్నారు. అంటే చాదర్‌ఘాట్ పక్కన చేసిన అప్పు శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న నేలతో మిగిలిన చివరి డబ్బు బంధాన్ని తెంపింది. తర్వాత, బ్రిటిష్ అధికారుల చేతిలో నడిచే పటాలం జీతాల బాకీ కింద 1853లో బేరార్ ఇచ్చేయాల్సి వచ్చింది. దాన్ని అడగడానికి దివాను మొదటి సాలార్‌జంగ్ 1876లో లండన్ దాకా వెళ్లి వట్టి చేతులతో వచ్చాడు. 1902లో కర్జన్ దాన్ని ఏటికి 25 లక్షల కౌలుకు శాశ్వతంగా రాయించుకున్నాడు. రేపు ఈ మెట్రో దారిలో రాబోయే స్టేషన్లలో ఒకదానికి సాలార్‌జంగ్ మ్యూజియం పేరు అనుకుంటున్నారు. తాకట్టు విడిపించలేకపోయిన దివాను మనవడు కూడబెట్టిన వస్తువులవి.

ఇంత చెప్పాక, పరాయి అప్పు అంటేనే ఉరి అని తేల్చేయడం సులువు. నేను అలా తేల్చలేను. మన భాషే ఒప్పుకోదు. ఎవరితోనైనా తెగని సంబంధం ఉంటే ఋణానుబంధం అంటాం. మనిషి పోతే ఋణం తీరిపోయింది అంటాం. తల్లికీ బిడ్డకూ మధ్య ఉన్నదాన్ని కూడా బాకీ మాటతోనే చెప్పుకునే జాతి మనది. మనిషి దేవతలకు, ఋషులకు, పితరులకు బాకీ పడే పుడతాడని పాత శాస్త్రం చెప్పింది. ఆ లెక్కన మనుషులంతా ముందు అప్పు తీసుకుని, తర్వాత సభ్యులైనవాళ్లే. పాలు తాగేటప్పుడు పసివాణ్ని జామీను ఎవరూ అడగలేదు.

ఆ మాటతో ఎక్కువ దూరం వెళ్లనూ లేను. తల్లి బాకీలో సంతకం లేదు, గడువు లేదు. ముప్పై, నలభై ఏళ్ల అప్పులో రెండూ ఉంటాయి. ఈ రోజు సంతకం చేసేవాళ్లలో చివరి కిస్తీ నాటికి చాలామంది ఉండరు. శాలిబండ ఆస్పత్రుల్లో వచ్చే ఏడాది పుట్టబోయేవాళ్లు కడతారు. అసలైన కాబోయే సభ్యులు వాళ్లే. వాళ్ల తరఫున ఎవరు మాట్లాడారు?

ఇంకో చిక్కు. షరతు ఎప్పుడూ పైవాడి కొరడానే అనుకుంటే తప్పు. 1998 తర్వాత ప్రపంచబ్యాంకు అప్పుల వెంట వచ్చిన విద్యుత్ సంస్కరణలు, చార్జీల పెంపు, 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పులు మనం మరిచిపోలేదు. అదే ప్రపంచబ్యాంకులో ఫిర్యాదులు వినే ప్యానెల్ కూడా ఉంది. అమరావతి రైతులు కొందరు 2017లో దాని తలుపు తట్టారు. కాగితం లేని కిరాయిదారును, తోపుడుబండివాణ్ని కూడా నష్టపోయినవాళ్ల కింద లెక్కగట్టాలని ఈ బ్యాంకుల నిబంధనల్లో ఉంటుంది. మన ఊళ్లో మన మనుషులకు ఆ మాట మనం ముందు చెప్పుకోలేదే, ఆసియా అభివృద్ధి బ్యాంకున్న మనీలా నుంచో, జైకా ఉన్న టోక్యో నుంచో ఎందుకు రావాలి? ఈ ప్రశ్న నాకు బాకీ కంటే ఎక్కువ సిగ్గు కలిగిస్తుంది. కోసిన దుకాణం యజమానికి చెక్కు వచ్చింది సరే. అందులో ముప్పై ఏళ్లు కిరాయికి కూర్చుని గాజులమ్మిన మనిషి ఏ కాలమ్‌లో ఉన్నాడు?

మెట్రో రావాలి. నేను కోరుకునేవాళ్లలోనే ఉన్నాను. పొద్దున ఉద్యోగానికి రెండు ఆటోలు మారే ఆడపిల్లలు మా గల్లీలోనే ఆరుగురున్నారు. అప్పు లేకుండా అది రాదు. భారతదేశం ప్రపంచబ్యాంకు నుంచి 1949లో తీసుకున్న మొట్టమొదటి అప్పు కూడా, 3 కోట్ల 40 లక్షల డాలర్లు, రైళ్ల కోసమే.

కుర్రాడి సంగతి చెప్పలేదు కదూ. మర్నాడు పాత సభ్యుల్లో పూలమ్మే ఒకావిడ వచ్చి అతనికి జామీను నిలబడింది. ఆమెకు రాయడం రాదు. వేలిముద్ర వేసే ముందు, "ఇందులో ఏమున్నదో సదువు అక్కా" అని అడిగింది. పెద్దమ్మ మొత్తం చదివింది. నెలకెంత, ఎన్ని నెలలు, అతను కట్టకపోతే ఈమె మీద పడేదెంత. ఆమె రెండోసారి చదవమంది. మళ్లీ చదివించుకుని అప్పుడు వేలు సిరాలో ముంచింది.

కాబట్టి అధికారులకు ఒక మనవి. ఏ బ్యాంకుతో సంతకమైనా సరే, ఆ కాగితాన్ని తెలుగులో, ఉర్దూలో అచ్చేయించండి. మిత్తి ఎంత, గడువెంత, షరతులేమిటి, కిరాయిదారుకు దక్కేదేమిటి అన్నీ అందులో ఉండాలి. సంతకానికి నెల ముందు లాల్‌దర్వాజా మోడ్‌లో ఆ సగం కోసిన నీలం గోడ మీద అంటించండి. చదవరానివాళ్లకు రెండుసార్లు చదివి వినిపించండి.