గడ్డం ఎరుపు, పాదం ఎరుపు

ఈసారి ఒక ఆటబొమ్మ గురించి మాట్లాడుకుందాం. ధమ్మం పుస్తకంలో బొమ్మలేంటి అనుకోకండి. కంటికి కనిపించే వస్తువును చూపించి లోతైన సంగతి చెప్పడం ధమ్మంలో పాత పద్ధతే. సావత్థిలో వజిర అనే భిక్ఖుణిని మారుడు అడ్డగించి, ఈ ప్రాణిని చేసినవాడెవడు, అతడెక్కడున్నాడు అని భయపెట్టబోయాడు. ఆమె బెదరలేదు. భాగాలన్నీ కూడితే దాన్ని రథం అంటాం, అలాగే ఖంధాలు కూడితే ప్రాణి అంటాం, అంతకుమించి లోపల ఎవరూ లేరని చెప్పి పంపింది. ఈ సంగతి సంయుత్త నికాయంలో ఉంది. ఇవాళ్టి పిల్లలు రథం ఎరగరు. రోబో అయితే ఎరుగుదురు.

జపాన్‌లో 1979లో 'మొబైల్ సూట్ గండమ్' అనే టీవీ బొమ్మల సీరియల్ వచ్చింది. దర్శకుడు యోషియుకి టోమినో. యుద్ధంలో చిక్కుకున్న అమురో రే అనే పదిహేనేళ్ళ కుర్రాడు 18 మీటర్ల రోబో లోపల కూర్చుని దాన్ని నడుపుతాడు. 1980లో బాండాయ్ కంపెనీ ఆ రోబోను ప్లాస్టిక్ ముక్కలుగా పెట్టెలో పెట్టి 300 యెన్లకు అమ్మింది. కొన్నవాళ్ళే కూర్చుకోవాలి. ఆ వరుసలో 2020లో వచ్చిందే 'ఎంట్రీ గ్రేడ్' గండమ్. 144వ వంతు కొలత, అంటే పన్నెండున్నర సెంటీమీటర్ల ఎత్తు. ఆన్‌లైన్లో తెప్పించుకుని మన పిల్లలు కూడా ఇలాంటివి కూర్చుతున్నారు.

దీని మంచిచెడ్డలు చెప్పాలంటే, మొదటిసారి కూర్చేవాళ్ళకు బాగా పనికొస్తుంది. కత్తెర అక్కర్లేదు, జిగురు అక్కర్లేదు. ముక్కను చేత్తో విరిచి, ఒకదానిలో ఒకటి నొక్కితే చాలు. కళ్ళకు కూడా స్టిక్కర్ అంటించే పని లేదు. మోచేతులు, మోకాళ్ళు చక్కగా వంగుతాయి. తుపాకీ, డాలు ఇచ్చారు గానీ చేతికి పట్టించడానికి వెలుగు కత్తి ఇవ్వలేదు, అదొక లోటు. సమీక్ష రాసేవాళ్ళు ఇంతవరకు చెప్పి మార్కులు వేసేస్తారు. మనం ఇంకాస్త ముందుకు వెళ్దాం.

పెట్టె తెరిస్తే రోబో కనిపించదు. చట్రాలకు అంటుకున్న ముక్కలుంటాయి, వాటికి అంకెలుంటాయి. చట్రంలో ముక్కల్ని సాధారణంగా రంగును బట్టి అమరుస్తారు, అవయవాన్ని బట్టి కాదు. గండమ్ గడ్డం ఎరుపు, పాదాలూ ఎరుపే. ముఖానికీ పాదానికీ కరిగించి పోసింది అదే ఎర్ర ప్లాస్టిక్. పైకి పోవాల్సిన ముక్క, కిందికి పోవాల్సిన ముక్క అనే తేడా ఆ ప్లాస్టిక్‌లో లేదు. ఆ తేడా గీసినవాడి నక్షాలో ఉంది.

ఇప్పుడు పురుషసూక్తం గుర్తు చేసుకోండి. ఒక మహాపురుషుడి ముఖం బ్రాహ్మణుడట, చేతులు క్షత్రియుడట, తొడలు వైశ్యుడట, పాదాల నుంచి శూద్రుడు పుట్టాడట. అంటరానివాడికైతే ఆ శరీరంలో పాదాల చోటు కూడా లేదు. బాబాసాహెబ్ 1946లో 'శూద్రులెవరు?' రాస్తూ మొదట ఈ సూక్తాన్నే పరీక్షకు పెట్టారు. ఒక నక్షాను పట్టుకొచ్చి అదే ప్రకృతి అని నమ్మించారు, అదీ ఇందులోని మోసం.

కొందరు తెలివిగా అంటారు: "పాదం లేకపోతే శరీరం నిలబడుతుందా? అన్నీ అవసరమే కదా, ఎవరి చోట వాళ్ళుంటే తప్పేంటి?" నిజమే, పాదం పట్టు తప్పితే గండమ్ ముఖంతో సహా బోర్లా పడుతుంది. కానీ ఒక్క సంగతి చూడండి. ప్లాస్టిక్ ముక్కకు నొప్పి తెలియదు, కోరిక లేదు, ఆలోచన లేదు. మనిషి ఎవరి శరీరంలోనో ఒక ముక్క కాదు. ప్రతి మనిషిలో రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం అనే ఐదు ఖంధాలూ నిండుగా ఉన్నాయి. మురుగు కాలువలోకి దిగే మనిషికి తన ముఖం తనకుంది. అతన్ని ఇంకొకరికి పాదంగా చేయడానికి ఎవరికీ హక్కు లేదు. 1936లో 'కుల నిర్మూలన'లో బాబాసాహెబ్ తేల్చింది కూడా ఇదే: పని పంచుకోవడం వేరు, మనుషుల్నే మెట్లుగా పేర్చడం వేరు.

మీకింకో అనుమానం రావచ్చు. అంతా ముక్కల కూర్పే, లోపల ఆత్మ లేదు అంటే మంచిచెడులకు బాధ్యులెవరు? అవమానపడ్డవాడి బాధ కూడా ఉత్త పేరేనా? కాదు. రథం లేదని వజిర అనలేదు, కూర్పును రథం అంటామన్నది. బాధ ఉంది కాబట్టే బుద్ధుడు మొదట దుక్ఖం గురించి చెప్పాడు. కమ్మానికి ప్రాణం చేతన, అంటే సంకల్పమని కూడా చెప్పాడు. గండమ్ తుపాకీ దానంతటది పేలదు, లోపల కూర్చున్న అమురో మీట నొక్కాలి. కులం కూడా దానంతటది నడవదు. వేరే గ్లాసు పెట్టే చెయ్యి, ఇల్లు అద్దెకివ్వనని చెప్పే నోరు, సంబంధం చూసేటప్పుడు ఇంటిపేరు ఆరా తీసే మనసు దాన్ని రోజూ కొత్తగా కూర్చుతున్నాయి.

కాబట్టి మీ ఇంట్లో పిల్లలు ఇలాంటి బొమ్మ కూర్చుతుంటే పక్కన కూర్చోండి. పూర్తయ్యాక ఒకసారి విప్పమనండి. విప్పాక గండమ్ ఎక్కడికి పోయిందని అడగండి. వాళ్ళు చెప్పే జవాబు వినండి. ఆ తర్వాత మన ఇళ్ళలో మనం రోజూ కూర్చుతున్నదేమిటో మీరూ ఒకసారి చూసుకోండి.

నమో బుద్ధాయ! జై భీమ్!