సంపులో ఖాళీ

సూర్యాపేట, కోదాడల మీదుగా సాగే 65వ నంబరు జాతీయ రహదారి మచిలీపట్నంలో సముద్రపు ఒడ్డుకు చేరుతుంది. అక్కణ్నుంచి నీళ్లు మోసుకురాకుండానే కోదాడలో ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకోవచ్చు. ఆర్‌ఓ నీళ్లలో సముద్రపు అక్వేరియాల కోసం అమ్మే ఉప్పు మిశ్రమం లీటరుకు సుమారు 35 గ్రాముల లెక్కన కలిపితే చాలు. ఆ నీళ్లను చెడిపోకుండా నిలపడమే అసలు పని. అందుకే ట్యాంకు కింద ఇంకో పెట్టె పెడతారు. అదే సంపు.

ఆ పెట్టె గురించి వాదించుకునే ఇద్దరిని ఊహించుకుందాం. ఒకరు సాగర్ ఎడమ కాలువ మీద లష్కరుగా చేసి రిటైరైన మిర్యాలగూడ మేనమామ. రెండోవాడు సూర్యాపేటలో బోర్డుల దుకాణం నడిపే మేనల్లుడు. కోదాడలో పెట్టబోయే సంపు కోసం, ఇంకా కోయని అక్రిలిక్ షీటు మీద అల్లుడు కొలతలు రాస్తున్నాడు: లోపలి అడ్డుపలకలు 22 సెంటీమీటర్లు, బయటి గోడలు 28.

“నీళ్లు 22 దాకనే ఉంటే పైన ఆరు సెంటీమీటర్ల పలక దండగ గదరా అల్లుడా?”

“కరెంటు పోతే కావాలె మామా. పైన ట్యాంకుల నీళ్లు ఒక అంచు దాటి గొట్టంల పడి కిందికొస్తయి...”

“అలుగన్నట్టు.”

“అలుగే. కింద వడకట్టినంక చివరి గదిల పంపు మళ్ల పైకి తోస్తది. పంపు ఆగినా, అలుగు మీదున్న నీళ్లు దిగుడు ఆగదు.”

ట్యాంకు 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు. నీటిమట్టం ఒకటిన్నర సెంటీమీటరు తగ్గితే 8 లీటర్లు దిగుతాయి. 90 పొడవు, 36 వెడల్పున్న సంపులో అది రెండున్నర సెంటీమీటర్లు లేస్తుంది. ఆరు వదిలితే సరిపోతుందని అల్లుడి ధీమా.

మామ ఊరుకోలేదు. “ఏడాదిల ఎన్ని గంటలు పోతది కరెంటు? మిగతా దినాలన్నీ ఆ జాగా ఏం పని చేసినట్టు?”

ఇది తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదు. జరగని ప్రమాదాన్ని ఆపిన ఘనత దేనికి ఇస్తాం? అల్లుడు ఎదురు ప్రశ్న వేశాడు: “చెరువు అలుగు మట్టానికే కట్ట పోస్తరా మామా?”

“పొయ్యరు. అలలు కొడితే కట్ట తెగుతది.” మామ కాసేపు ఆలోచించాడు. “మరి ఎండాకాలం నీళ్లు ఆవిరైతే ఆ ఖాళీ ఇంకా పెరుగుతది గదా?”

అడ్డుపలకల వెనక గదుల్లో మట్టం మారదు. తరుగంతా పంపు గదిలోనే కనిపిస్తుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు ఉండిపోతుంది. కాబట్టి ఆ తరుగును మంచినీళ్లతోనే భర్తీ చేయాలి. అయితే తెలియనివాళ్ల కంటికి లోటూ చోటూ ఒకేలా కనబడతాయి. పెట్టె ఖాళీగా ఉందని అంచుదాకా నింపినవాడి ఇల్లు, కరెంటు పోయిన రాత్రి తడుస్తుంది. అందుకే పంపు గది గోడ మీద ఒక గీత గీయాలి: దాని కిందిది నింపాల్సిన ఖాళీ, పైది ముట్టకూడని ఖాళీ.

“పైన ట్యాంకుల పంపు గొట్టం మూతి నీళ్లల్ల మునిగి ఉంటదా?” మామ గొంతులో ఇప్పుడు లష్కరు పలికాడు.

“నాలుగు సెంటీమీటర్ల లోతున. వెనక్కి గుంజకుండ పైన రంధ్రం పెడతున్న, గాలి పోనీకె.”

“రంధ్రానికి నాచు పట్టదా? తూముకే పడతది.”

అల్లుడు మళ్లీ లెక్క వేశాడు. రంధ్రం మూసుకుపోతే సైఫన్ తెగదు, నీరు మూతి దాకా, అంటే నాలుగు సెంటీమీటర్లు దిగుతుంది. అది 21.6 లీటర్లు. సంపులో దాదాపు ఏడు సెంటీమీటర్ల మేర లేస్తుంది. గొట్టాల్లోని నీరు దీనికి అదనం. ఆరు చాలదు.

ఈ మాట ముందే తేలడం మంచిదైంది. అక్రిలిక్ అతుకు జిగురు అతుకు కాదు. బోర్డుల పనివాళ్లు గాలాడే చోట క్లోరోఫామ్‌ను సిరంజితో సందులోకి వదులుతారు. అది రెండు అంచులనూ కరిగించి ఒకటి చేస్తుంది. ఆరాక విడదీయాలంటే పలక విరగాల్సిందే. లేజరుతో కోసిన అంచుకు ఆ ద్రవం తగిలితే సన్నని పగుళ్లు పుట్టొచ్చు కనుక అంచును రౌటర్‌తో చదును చేయాలి.

“ఎంత పెట్టమంటవు మామా?”

“పన్నెండు వదులు.”

దండగన్న మనిషే రెండింతలు అడిగాడు. అల్లుడు 28 కొట్టేసి 34 రాశాడు. కోదాడలో బిగించిన రోజున, చేపలు వేయకముందే, ఆ రంధ్రానికి టేపు అంటించి పంపు ఆపి చూడాలని ఇద్దరూ ఒప్పుకున్నారు.