వేలు నొక్కితే పడ్డ సొట్ట

జబ్బు నటించడం జైల్లో నేరం. 1894 నాటి జైళ్ల చట్టం 45వ సెక్షన్‌లో, మాట వినకపోవడం, తిట్టడం, పని ఎగ్గొట్టడం ఉన్న వరసలోనే అదీ ఉంది. ఇరవై తొమ్మిదేళ్లు వార్డరుగా చేసినవాణ్ని, ఆ వరస నాకు నోటికి వచ్చు. లోపలికి వచ్చిన ఖైదీ ఆరోగ్యం వీలైనంత త్వరగా పరీక్షించి రాసి పెట్టాలని అదే చట్టం 24వ సెక్షన్ చెబుతుంది. అది మాత్రం మాకు అంతగా గుర్తుండేది కాదు.

ఏ సబ్‌జైలో చెప్పను. కవిటి వైపు కొబ్బరితోటల ఊరివాడు, నలభై దాటాయి, గట్టు తగాదాలో రిమాండుకు వచ్చాడు. రాత్రుళ్లు నిద్రపోడు. నెత్తురొచ్చేలా ఒళ్లు గోక్కుంటూ కూర్చుంటాడు. పక్కవాళ్లు విసుక్కుంటే బూతులు. పొద్దున్న లెక్కకు లేవడు. ఐదో రోజు మధ్యాహ్నం అన్నం కంచం ఎత్తి గోడకేసి కొట్టాడు. మెతుకులు సున్నానికి అంటుకుని ఎండిపోయాయి. పొగరు అన్నాను. కావాలనే ధిక్కరించాడని రాశాను కూడా. సంతకం నాదే. అతన్ని విడిగా ఒక గదిలో వేశారు.

మూడు రోజుల తరవాత ఆ గది ఊడ్పించడానికి తలుపు తీశాను. గోడకు ఆనుకుని కాళ్లు చాపుకున్నాడు. పాదాలు ఉబ్బిపోయాయి. ఎందుకో వంగి కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కాను. సొట్ట పడింది. వేలు తీశాక కూడా అలాగే ఉండిపోయింది.

ఆ సొట్ట నాకు కొత్తది కాదు. వజ్రపుకొత్తూరు దగ్గర మా మేనమామ కాలి మీద అదే చూశాను. కిడ్నీలు పోయి, చివరి నెలల్లో ఆయనా అలాగే గోక్కునేవాడు, అన్నం వాసనకే మొహం తిప్పుకునేవాడు, అత్తను నోటికొచ్చినట్టు తిట్టేవాడు. ‘ఆయనేటి తిడతాడు, జబ్బు తిడతాది’ అని అత్త కళ్లు తుడుచుకుని మళ్లీ జావ కాచేది. రక్తంలో మలినం పేరుకుంటే నిద్ర చెడుతుందని, మనసు కలగాపులగం అవుతుందని కిడ్నీ జబ్బు బాగా ఎరిగిన మా ఉద్దానంలో చదువురాని వాళ్లకూ తెలుసు. ఇంట్లో జబ్బు అన్నదాన్నే, గేటు దాటి లోపలికెళ్లి పొగరు అన్నాను. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇప్పుడు మూలపేటలో అరుగు మీద కూర్చుని ఛాందోగ్యం తాత్పర్యం చదువుకుంటున్నాను. శ్వేతకేతువు పన్నెండేళ్లు వేదం చదివి గర్వంగా ఇంటికొస్తాడు. పదిహేను రోజులు అన్నం మాని నీళ్లు మాత్రం తాగమంటాడు తండ్రి ఉద్దాలకుడు. పదహారో రోజు ఋక్కులు చెప్పమంటే కొడుక్కి ఒక్కటీ తోచదు. పెద్ద మంటలో మిణుగురంత నిప్పు మిగిలినట్టు నీలో పదహారింట ఒక వంతే మిగిలింది, వెళ్లి తినిరా అంటాడు తండ్రి. తిన్నాక అన్నీ గుర్తొస్తాయి. మనసు అన్నంతో అయిందని ఆయన చెప్పిన తీరు అది. తండ్రి కొడుకును బద్ధకస్తుడనలేదు, ధిక్కారమనలేదు. ఆ చోట పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను.

ఒంట్లో బాగోకపోతే మాట చెదరడం పుస్తకంలోనే కాదు, జైల్లోనూ ఉంది. 2020 జులైలో వరవరరావు గారు తలోజా జైలు నుంచి ఫోన్ చేసి, ఏళ్ల కిందటి తల్లిదండ్రుల అంత్యక్రియల గురించి పొంతన లేకుండా మాట్లాడారని కుటుంబం వాళ్లు చెప్పారు. జీవితమంతా మాటలతో బతికిన కవి. ఆయనకే అలా అయితే, రెండు మూడు రోజులు తాగుడు లేక చేతులు వణికి, గోడల మీద పురుగులు పాకుతున్నాయని అరిచే కుర్రాడి సంగతేమిటి? అలాంటి వాళ్లను ఎందరినో డ్రామా అన్నాం. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం రాష్ట్రానికి కనీసం ఒక జైల్లో మానసిక చికిత్సా కేంద్రం ఉండాలంటుంది. మంచిదే. కానీ సబ్‌జైల్లో అర్ధరాత్రి ఆ అరుపు మొదట వినేది డాక్టరు కాదు, వార్డరు. వాడికి నేర్పాలి.

అలాగని రోగికి తప్పే అంటదనను. ఆ కవిటి ఖైదీని చివరికి ఆసుపత్రికి పంపారు; అక్కడ రెండుసార్లు డయాలసిస్ అయ్యాక తిరిగొచ్చినప్పుడు అతనే అన్నాడు: ‘కంచం ఇసిరింది నేనే బాబూ, కాదనను. గానీ ఆ అన్నం నాకు అన్నంలాగ లేదు.’ మనిషి తన పనిని తనదని ఒప్పుకోవడానికి కూడా కాస్త ఒంట్లో బాగుండాలని అప్పుడు తెలిసింది. ఒంట్లో బాగోని రోజుల్లో నేనతన్ని సంజాయిషీ అడిగాను.

ధిక్కారమని రాసిన చోట జబ్బు అని చేర్చడానికి జైలు పుస్తకం తీశాను. పైవాళ్ల సంతకం అప్పటికే పడిపోయింది. అలాగే ఉంచేశాను. ఆ సాయంత్రం అతను గోడ దగ్గరికెళ్లి ఎండిన మెతుకులు గోటితో గీకుతున్నాడు. తాళాల గుత్తి కింద పెట్టి నేనూ పక్కన కూర్చుని గీకాను.