ఒకటి చేసిన తప్పేంటి?

పోయిన నెల మా మేనకోడలు లెక్కల పేపరు నా ముందు పెట్టింది. ఆరో తరగతి. 20 లోపు ప్రధాన సంఖ్యలు రాయమంటే 1, 2, 3, 5, 7 అంటూ 19 దాకా రాసింది. 1 మీద ఎర్ర ఇంటూ, ఒక మార్కు కట్.

"మావయ్యా, తననీ ఒకటినీ తప్ప వేరే ఏ సంఖ్యా భాగించకపోతే ప్రైమ్ అన్నారు కదా. ఒకటిని ఇంకేం భాగిస్తుంది?"

"ఒకటి ప్రైమూ కాదు, కాంపోజిటూ కాదు. రూల్ అంతే" అన్నాను. మా అయ్యవారు నాకు తెలుగు మీడియంలో చెప్పింది కూడా ఇదే, పదాలు మాత్రమే మారాయి. పిల్ల మారు మాట్లాడలేదు. నన్ను ఇబ్బంది పెట్టింది ఆ మౌనమే. ఆఫీసులో ఎవరైనా "ప్రాసెస్ అంతే" అంటే మండిపడే నేను, పన్నెండేళ్ళ పిల్లతో సరిగ్గా అదే మాటన్నాను.

పైగా అది పూర్తి నిజం కూడా కాదు. 1742లో గోల్డ్‌బాక్ ఆయిలర్‌కి రాసిన ప్రసిద్ధమైన ఉత్తరంలో 1ని ప్రధాన సంఖ్యల్లోనే కలుపుకున్నాడు. 1914లో డి. ఎన్. లెమర్ కోటి దాటి 1,00,06,721 వరకూ ప్రధాన సంఖ్యల పట్టిక అచ్చువేశాడు. అందులో మొదటి సంఖ్య 1. అటు యూక్లిడ్‌కైతే 1 అసలు సంఖ్యే కాదు, సంఖ్యల్ని కట్టే ఇటుక మాత్రమే.

అంటే ఇది కనిపెట్టిన సత్యం కాదు, మనుషులు కూర్చుని తీసుకున్న నిర్ణయం. అయితే ఇష్టమొచ్చినట్టు తీసుకున్నదా? అక్కడే నేను చాలాసేపు ఆగిపోయాను. 12ని ప్రధాన సంఖ్యలుగా విడగొట్టండి: 2×2×3. వరస మార్చొచ్చు గానీ, ఏ దారిన వెళ్ళినా రెండు 2లు, ఒక 3. ఏ సంఖ్యకైనా ఇలా ఒకే ఒక్క జాతకం ఉంటుంది. ఇది మాత్రం ఎవరి నిర్ణయమూ కాదు, ఓటేసి మార్చలేం. ఇప్పుడు 1ని లోపలికి రానివ్వండి. 1×2×2×3, 1×1×2×2×3... జాతకాలకి అంతుండదు. ఆ సిద్ధాంతం అబద్ధమైపోదు, కానీ చెప్పిన ప్రతిసారీ "1 తప్ప" అని తగిలించాలి. ఆ తోక ఎన్నిచోట్లని తగిలిస్తాం? అందుకే నిర్వచనాన్నే సరిచేశారు: సరిగ్గా రెండు వేర్వేరు కారణాంకాలు ఉండాలి. 1కి ఉన్నది ఒక్కటే.

(1 ఒంటరితనం మీద ఇంజనీరింగ్‌లో నేనో కవిత రాశాను. దొరక్కపోవడం మంచిదైంది.)

కాబట్టి మార్కు కొట్టేయడం న్యాయమే అనుకుంటాను. ఒకే తరగతిలో ఉన్నవాళ్ళు ఒకే నిర్వచనం వాడకపోతే మాట్లాడుకోలేరు. కానీ కారణం చెప్పకుండా కొట్టేస్తే పిల్ల నేర్చుకునేది లెక్కలు కాదు, తలూపడం. మనం పెట్టుకున్న నియమాన్ని ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు చెప్పడం ఒక రకం అబద్ధమే. టైం లేదనే సాకు టీచరుకి చెల్లుతుందేమో, నలభై మంది పిల్లలు. నా ముందున్నది ఒక్కతే.

ఆదివారం ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. లెమర్ పట్టిక సంగతి దగ్గర ఆపింది.

"అయితే ఆయనకీ ఒక మార్కు పోయేదా?"

"మీ స్కూల్లో అయితే పోయేది."

గట్టిగా నవ్వింది. పరీక్షలో మాత్రం 2తోనే మొదలుపెట్టమన్నాను.

"అది నాకు తెలుసులే మావయ్యా" అంది.